పైబట్ట ఎవరి భుజం మీద?

తెలుగు బైబిల్లో పైబట్ట అనే మాట ఒకటుంది. యెషయా గ్రంథం 61వ అధ్యాయం 10వ వచనంలో ప్రవక్త తన సంతోషాన్ని చెప్పుకుంటూ, దేవుడు తనకి రక్షణను వస్త్రంగా తొడిగాడనీ నీతిని పైబట్టగా కప్పాడనీ అంటాడు. ఈ వచనం వినని క్రైస్తవ దళితుడు ఉండడు. పెళ్ళిలో చదువుతారు, బాప్తిస్మంలో చదువుతారు, చావు దగ్గరా చదువుతారు. చిన్నప్పటినుంచీ దీనిమీద ప్రసంగాలు వింటూనే ఉన్నాను. కానీ పైబట్ట అంటే ఏమిటో, మన ఊళ్ళో అది ఎవరి భుజం మీద ఉండేదో, ఎవరి భుజం మీంచి ఎందుకు దిగేదో చెప్పిన ప్రసంగం ఒక్కటీ వినలేదు.

పైబట్ట అంటే కండువా, తుండుగుడ్డ. మాలయినా మాదిగయినా దొర ఎదురుపడితే భుజం మీది తుండు తీసి చంకలో పెట్టుకోవాలి, లేదా నడుముకి చుట్టుకోవాలి. పంచె మోకాలు దాటి దిగకూడదు. కాళ్ళకి చెప్పులుంటే విప్పి చేత్తో పట్టుకుని పెద్దకులాల వీధి దాటాలి, ఆ చెప్పులు కుట్టింది తనే అయినా సరే. ఆడవాళ్ళకి రవిక విషయమూ ఇంతే. మా నాయనమ్మది పల్నాడు. పెళ్ళయి ఇద్దరు బిడ్డలు పుట్టాక, బాప్తిస్మం తీసుకున్న రోజున ఆమె మొదటిసారి రవిక తొడుక్కుంది. "యేసయ్య సంగతి నాకప్పుడేం తెలుసురా అయ్యా, రవిక తొడుక్కోవచ్చన్నారు, తొడుక్కున్నా" అనేది. ఈ మాట వింటే పాస్టరుగారు నవ్వేవారు, ముసలమ్మ విశ్వాసం ఇంకా పాలు తాగే విశ్వాసమేనని. నా దృష్టిలో ఆమెకి అర్థమైన రక్షణ ఆయనకి అర్థం కాలేదు. ఆయన చదివిన వచనాన్ని ఆమె ఒంటిమీద వేసుకుంది.

క్రైస్తవంలో రక్షణకి బట్ట ఎందుకు గుర్తయింది, ఆ గుర్తును మన సంఘాల్లో ఏం చేశారు అన్నదే ఇక్కడ నేను మాట్లాడదలచుకున్నది. వేదాంత కళాశాలల్లో చదివినవాళ్ళు దీన్ని వేరేగా రాస్తారు. నేను వాడలో నిలబడి రాస్తున్నాను.

బైబిల్లో మనిషికి దేవుడు చేసిన మొదటి పని బట్టలు కుట్టడం కాకపోయినా, మనిషి తప్పు చేశాక దేవుడు చేసిన మొదటి మేలు మాత్రం అదే. ఆదికాండం 3వ అధ్యాయంలో ఆదాము హవ్వలు అంజూరపు ఆకులు కుట్టుకుని కచ్చడాలు చేసుకుంటారు. ఆకులు ఎన్నాళ్ళుంటాయి? 21వ వచనానికి వచ్చేసరికి దేవుడే వాళ్ళిద్దరికీ చర్మపు చొక్కాయిలు చేసి తొడుగుతాడు. దీనిమీద మన బోధకులు చెప్పే వ్యాఖ్యానం అందరికీ కంఠతా వచ్చు: చర్మం రావాలంటే జంతువు చావాలి, రక్తం కారాలి, ఇది రాబోయే సిలువ బలికి ఛాయ. బాగానే ఉంది. కానీ జంతువు చచ్చాక చొక్కాయి దానంతటదే వస్తుందా? తోలు ఒలవాలి. సున్నంలో నానబెట్టి వెంట్రుక తీయాలి. తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టాలి. ఆరెతో కన్నం పొడిచి కుట్టాలి. రక్తం దగ్గర ఆగిపోయిన వ్యాఖ్యానం లంద దగ్గరికి రాదు. వస్తే దేవుణ్ణి మాదిగవాడిగా చూడాల్సి వస్తుంది. బలిచ్చే పూజారిగా దేవుణ్ణి చూడటం వాళ్ళకి సులువు, తోలు ఊనే మనిషిగా చూడటం కష్టం. ఆ కష్టం యూదుల పుస్తకంలోంచి వచ్చింది కాదు, మన ఊళ్ళోంచి వచ్చింది.

అపొస్తలుల కార్యాల్లో పేతురు యొప్పేలో ఎవరింట్లో దిగాడు? చర్మకారుడైన సీమోను ఇంట్లో. నాలుగు చెంగులు పట్టి దించిన పెద్ద దుప్పటిలాంటిది ఆకాశం నుంచి దిగడం, అందులో తినకూడని జంతువులన్నీ ఉండటం, దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధం అనవద్దని గొంతు వినబడటం - ఇవన్నీ ఆ ఇంటి మిద్దెమీదే జరిగాయి. సంఘం తలుపు అన్యజనులకి తెరుచుకున్నది తోలువాసన కొట్టే ఇంట్లో. మనవాళ్ళ ప్రసంగాల్లో దుప్పటి ఉంటుంది గాని చర్మకారుడి ఇల్లు ఉండదు.

తెలుగు గడ్డమీద జరిగింది కూడా ఇదే. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషను అడుగుపెట్టాక మాదిగల్లో విశ్వాసం వ్యాపించడానికి కారకుడు యర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఈయన తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగిన మాదిగ. ఆ తిరుగుడులోనే ఈ కొత్త మాట ఆయన చెవిన పడింది. అంటే సువార్త మన మాదిగవాడల్లోకి తోళ్ళ మూటలు నడిచిన దారినే వచ్చింది. కరువు దాటాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. డాక్టర్ క్లౌ మనవాళ్ళకి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డుమాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. వినడానికి మతనియమాల్లా ఉన్నా ఒక్కొక్కటీ వెట్టి మీద దెబ్బే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఈ మనుషుల కథల్ని 1899లో పుస్తకంగా వేస్తే దానికి పెట్టిన పేరుకి 'చెప్పులు కుడుతూ' అని అర్థం. ఒక విదేశీ స్త్రీకి కనబడిన సంగతి మన తెలుగు సంఘ చరిత్రలు రాసినవాళ్ళకి కనబడలేదు. వాళ్ళ చరిత్రల్లో బంగళా కట్టిన సంవత్సరం ఉంటుంది, గుడికి గంట వచ్చిన సంవత్సరం ఉంటుంది.

మాలల సంగతీ చెప్పాలి. మాలలు ముతకబట్ట నేసినవాళ్ళు. కూలికి పోగా మిగిలిన పొద్దు మగ్గం మీదే గడిచేది. మిల్లుబట్ట దిగాక ఆ మగ్గాలు చాలావరకు ఆగిపోయి కూలి ఒక్కటే మిగిలింది. యోహాను సువార్త 19వ అధ్యాయంలో యేసు అంగీ గురించి ఒక వివరం ఉంది. దానికి కుట్టు లేదు, పైనుంచి కిందదాకా ఒకటే నేత. సైనికులు మిగతా బట్టల్ని నాలుగు భాగాలు చేసుకున్నారు గాని ఈ అంగీని చింపడానికి మనసొప్పక చీట్లు వేసుకున్నారు. దీన్ని సంఘ ఐక్యతకి గుర్తుగా చెబుతారు. చెప్పుకోనివ్వండి. నాకు కనిపించేది మాత్రం, చంపేవాడికి కూడా చింపబుద్ధి కాని పనితనం. మనిషి ప్రాణానికి లేని విలువ ఆ నేతకి ఉంది. మాలవాడు నేసిన బట్ట కప్పుకుని మాలవాణ్ణి దూరంగా నిలబెట్టిన ఊళ్ళో ఈ వచనానికి వేరే వ్యాఖ్యానం ఎందుకు?

ఇక మురికిబట్టల సంగతి. జెకర్యా 3వ అధ్యాయంలో ప్రధాన యాజకుడైన యెహోషువ మలినవస్త్రాలతో నిలబడితే అవి తీయించి మంచివి తొడిగిస్తారు. యెషయా 64లో మన నీతిక్రియలన్నీ మురికిగుడ్డలతో సమానం అంటాడు. ప్రకటన 7వ అధ్యాయంలో గొప్ప జనసమూహం తమ వస్త్రాల్ని గొర్రెపిల్ల రక్తంలో ఉతుక్కుని తెల్లగా చేసుకుంటారు. ఈ ఉపమానాలు ఆ దేశంలో ఎలా పనిచేశాయో గాని మన దేశంలో దిగాక ఒక ప్రమాదం వచ్చిపడింది. మురికి అంటే పాపం, తెలుపు అంటే పుణ్యం అని నూరేళ్ళకి పైగా చెబుతూ వచ్చారు. వినేవాళ్ళెవరు? వారమంతా బురదలో నాట్లేసి, పేడ ఎత్తి, తోలు కడిగి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఒంటిమీది మురికి వాళ్ళ పాపం కాదు, ఇంకొకరి పంట. చాకలి వాళ్ళ బట్ట ముట్టుకోడు. చౌడుమట్టి తెచ్చుకుని వాళ్ళే ఉతుక్కోవాలి, అదీ తమకి విడిగా ఉన్న గుంటలో. అలాంటివాళ్ళకి మురికే పాపమని చెబితే, మనువు చెప్పినదాన్నే వేరే నోటితో చెప్పినట్టు కాదా? బోధకుల ఉద్దేశం అది కాకపోవచ్చు. వాడ పిల్లలకి ఎక్కింది మాత్రం అదే. మలాకీ గ్రంథంలో రాబోయే ప్రభువును కంసాలి నిప్పుతోనూ చాకలి సబ్బుతోనూ పోల్చారు. రాజుగానో ఋషిగానో కాదు, చేతివృత్తుల వాళ్ళ పక్కన నిలబెట్టి పోల్చారు. ఆ వైపు నుంచి మొదలుపెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది.

మనువు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనుస్మృతి 10వ అధ్యాయం చండాలుడికి ఊరి బయట నివాసం, పగిలిన కుండల్లో తిండి, ఇనుప నగలు, కట్టుకోవడానికి చచ్చినవాళ్ళ బట్టలు నిర్ణయించింది. ఇది పుస్తకంలోనే ఉండిపోయిన శాస్త్రం కాదు. శవం మీది గుడ్డ కాటిపని చేసినవాడి హక్కుగా మన ఊళ్ళలో నిన్నమొన్నటిదాకా నడిచింది. హక్కు అని పేరు పెట్టి ఇచ్చిన అవమానం అది. ఇప్పుడు యోహాను సువార్త 20వ అధ్యాయం చదవండి. పేతురు సమాధిలోకి వెళ్ళేసరికి శవం లేదు, శవానికి చుట్టిన నారబట్టలు పడి ఉన్నాయి. తల రుమాలు వేరేచోట చుట్టిపెట్టి ఉంది. లేచినవాడు చచ్చినవాడి బట్టలు అక్కడే వదిలేసి వెళ్ళాడు. అంతకుముందు 11వ అధ్యాయంలో లాజరు బయటికొచ్చినప్పుడు కూడా యేసు మొదట చెప్పింది అతని కట్లు విప్పమనే. చచ్చినవాడి బట్ట కట్టుకోమని ఒక శాస్త్రం, చచ్చినవాడి బట్ట విప్పేయమని ఇంకొక శాస్త్రం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్క ఈస్టరు ప్రసంగమైనా ఎవరైనా చేశారా అని అడుగుతున్నాను. సమాధిలోని రుమాలు ఎందుకు మడతపెట్టి ఉందన్నదాని మీద మాత్రం గంటసేపు చెబుతారు.

రక్షణ, బట్ట అనే రెండు మాటలూ బజారులో నిలబడి కొట్లాడిన చోటు తిరువాన్కూరు. అక్కడి నాడార్లు అంటరానివాళ్ళకంటే ఒక మెట్టు పైనున్న కులం, ఆ సంగతి మరచిపోకూడదు. అయినా ఆ కులపు ఆడవాళ్ళు పెద్దకులాల ఎదుట రొమ్ము కప్పుకోకూడదు. లండన్ మిషనరీ సొసైటీ ద్వారా క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు కప్పుకోవడం మొదలుపెట్టారు. కర్నల్ మన్రో దివానుగా ఉన్న కాలంలోనే (1811-14) క్రైస్తవ స్త్రీలకి కుప్పాయం, అంటే కుట్టిన రవిక, వేసుకోవచ్చన్న అనుమతి వచ్చింది. కానీ ఆడవాళ్ళు రవికతో ఆగలేదు. నాయరు స్త్రీలు భుజం మీద వేసుకునే మేల్‌ముండు, పైబట్ట, అది కూడా వేసుకున్నారు. గొడవంతా అక్కడ వచ్చింది. 1820ల్లో బజార్లలో పైబట్టలు లాగేశారు, చింపేశారు. 1829లో సర్కారు ప్రకటన వచ్చింది: క్రైస్తవ స్త్రీలు రవిక వేసుకోవచ్చు, పైబట్ట మాత్రం పెద్దకులాల వాళ్ళలాగా వేసుకోకూడదు. 1858-59లో మళ్ళీ అల్లర్లు, మళ్ళీ గుళ్ళూ బళ్ళూ తగలబడటం. మద్రాసు గవర్నరు ట్రెవెల్యన్ ఒత్తిడి చేస్తే 1859 జూలైలో మహారాజా ఇంకొక ప్రకటన ఇచ్చాడు. నాడారు స్త్రీలందరూ రవిక తొడుక్కోవచ్చు, ముతకబట్ట కప్పుకోవచ్చు, ఎలాగైనా కప్పుకోవచ్చు, ఒక్క పెద్దకులాల స్త్రీల మాదిరిగా తప్ప.

ఈ 'తప్ప' అన్నదాన్ని మనం జాగ్రత్తగా పట్టుకోవాలి. దీన్ని సిగ్గుకి, మర్యాదకి సంబంధించిన పోరాటంగా రాసినవాళ్ళు చాలామంది. మిషనరీల రాతల్లో అలాగే ఉంటుంది: అర్ధనగ్నంగా ఉన్న అనాగరిక స్త్రీకి మేము బట్ట కట్టించాం. నిజానికి ఆ దేశంలో పైభాగం కప్పకపోవడం ఒక్క కింది కులాల సంగతే కాదు, నాయరు స్త్రీ కూడా నంబూద్రి ఎదుట పైబట్ట తీయాల్సిందే. అంటే పైబట్ట మర్యాద గుర్తు కాదు, మెట్ల గుర్తు. ఎవరి ఎదుట ఎవరు తీయాలన్నదే దాని భాష. నాడారు స్త్రీలు ఆ భాష తెలిసి మాట్లాడారు. వాళ్ళు అడిగింది ఒంటికి గుడ్డ కాదు, నాయరు భుజం మీద ఉన్న గుడ్డ. మిషను వాళ్ళకి ఇచ్చింది రవిక. రవిక సిగ్గును కప్పింది, మెట్టును అలాగే ఉంచింది. సర్కారుకీ ఇది అనుకూలంగానే ఉంది. పెద్దకులాలకి పోయిందేమీ లేదు. ఒళ్ళు కప్పుకోనివ్వండి, గుర్తు మాత్రం ముట్టుకోనివ్వకండి అన్నది ఒప్పందం.

మిషనరీలు చేసినది చిన్నదని నేననడం లేదు. వాళ్ళు లేకపోతే మా నాయనమ్మకి రవిక లేదు, నాకు ఈ అక్షరం లేదు. కానీ వాళ్ళు రక్షణ వస్త్రాన్ని మర్యాద వస్త్రంగా తగ్గించారన్నది కూడా నిజమే. లూకా 15లో తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి ఏం చేశాడు? ఉన్నవాటిలో మేలైన అంగీ తెప్పించాడు, వేలికి ఉంగరం పెట్టించాడు, కాళ్ళకి చెప్పులు తొడిగించాడు. ఆ కొడుకు అడిగింది కూలివాడిగా పెట్టుకోమని. కూలివాడికి ఒక గుడ్డ ఇచ్చి పనిలో పెట్టుకుంటే అది మర్యాద అవుతుంది. తండ్రి అలా చేయలేదు, కొడుకు హోదా ఇచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటినవాడికి ఈ కథలో అన్నిటికన్నా ముందు కనబడేది కాళ్ళకి తొడిగిన చెప్పులే. పెద్దకొడుక్కి కోపం ఎందుకొచ్చిందో కూడా వాడికి వెంటనే అర్థమవుతుంది.

మతం ఇచ్చేవాళ్ళు బట్టలు మార్చుకున్న తీరూ చూడాలి. 1606లో మదురై వచ్చిన రాబర్టో డి నొబిలి బ్రాహ్మణుల్ని కలపడానికి కాషాయం కట్టి, జందెం వేసుకుని, సన్యాసి వేషంలో ఉన్నాడు. ఆ వేషానికి భంగం రాకుండా కింది కులాల వాళ్ళకి తర్వాత వేరే గురువుల్ని పెట్టారు. 1882లో సాల్వేషన్ ఆర్మీతో వచ్చిన బూత్ టక్కర్ కాషాయం కట్టి, తలపాగా చుట్టి, చెప్పుల్లేకుండా నడిచాడు, పకీరుసింగ్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. 1969లో కతోలిక సంఘం భారతీయ పద్ధతుల కోసం ఆమోదించిన పన్నెండు అంశాల్లో రోమా వస్త్రాల బదులు అంగవస్త్రం కూడా ఉంది. బూత్ టక్కర్ త్యాగాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక విచిత్రం గమనించండి. తెల్లవాడు మనకి దగ్గర కావడానికి చెప్పులు విప్పాడు, సరిగ్గా అప్పుడే మనవాడు చెప్పులు తొడుక్కోవడానికి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాడు. భారతీయత అంటే ఎప్పుడూ కాషాయం, అంగవస్త్రం, దీపం. గొంగడీ తుండుగుడ్డా తోలుచెప్పులూ ఆ పన్నెండింటిలో లేవు. గాంధీ 1921లో మదురైలో చొక్కా విప్పి గోచీ కట్టడాన్నీ, 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో పెద్దకులాల ఆడవాళ్ళలా చీర పూర్తిగా దించి కట్టుకోండి, కులాన్ని పట్టిచ్చే ఆ బరువు నగలు తీసేయండి అనడాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా తేటపడుతుంది. విప్పడం ఉన్నవాడి త్యాగం. లేనివాడికి కట్టుకోవడమే తిరుగుబాటు.

అందుకే మన విశ్వాసుల సంఘాల్లో కొన్నిచోట్ల ఆడవాళ్ళ చేత నగలు తీయించి తెల్లచీర కట్టించడం చూస్తే నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. ఉన్నామె, లేనామె పక్కపక్కన ఒకే తెలుపులో కూర్చోవడం బాగుంటుంది. కానీ వేదిక మీద కోటూ టై, కింద తెల్లచీర. సమానత్వపు బరువంతా ఆడవాళ్ళ మీదే పెట్టారు. అంబేడ్కర్ తీయమన్న నగ కులం గుర్తు కాబట్టి తీయమన్నాడు. వీళ్ళు తీయమంటున్నది ఆమె ఆడది కాబట్టి.

మత్తయి 22లో పెళ్ళివిందు కథ దగ్గరికి రాక తప్పదు, క్రైస్తవ దళితుడి రాజకీయమంతా అందులో ఉంది. పిలిచినవాళ్ళు రాకపోతే రాజు దారుల్లో దొరికినవాళ్ళందర్నీ పోగుచేసి తెప్పిస్తాడు. తీరా విందులో ఒకడికి పెళ్ళివస్త్రం లేదని కాళ్ళూ చేతులూ కట్టి చీకట్లోకి తోయిస్తాడు. దారిలో వెళ్ళేవాణ్ణి లాక్కొచ్చి బట్టలేవిరా అంటే వాడేం చెబుతాడు? నోరు మూసుకుని నిలబడ్డాడు పాపం. రాజే అందరికీ బట్టలిచ్చాడు, వీడు వేసుకోలేదు అని వ్యాఖ్యాతలు రాజును కాపాడతారు. ఆ మాట మూలంలో లేదు. దారిన పోయేవాడి పక్షాన ఈ కథ చదివితే సంఘానికే కాదు, రాజ్యానికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడంది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉన్నారు. 1985లో సుప్రీంకోర్టుకి వచ్చిన సూసై కేసు గుర్తు చేస్తాను. సూసై మద్రాసులో రోడ్డుపక్కన చెప్పులు కుట్టుకునే మనిషి, ఆది ద్రావిడుడు, క్రైస్తవుడు. రోడ్డుపక్క పనిచేసుకునే షెడ్యూల్డు కులాల వాళ్ళకి సర్కారు ఉచితంగా బంకులిచ్చింది. సూసైకి ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే ఎండ, అదే ఆరె, అదే తోలు. మతం మారినా కులం వల్ల వచ్చిన లోటు అంతే తీవ్రంగా ఉందని రుజువులు చూపలేదంటూ కోర్టు అతని అర్జీ కొట్టేసింది. రక్షణ వస్త్రం వేసుకున్నావు గదా, నీకు బంకెందుకన్నట్టు. సంఘంలో బట్ట ఉందని రాజ్యం తోసేసింది, ఊళ్ళో బట్ట లేదని కులం తోసేసింది. కె. విల్సన్ 1982లో ఆంధ్ర క్రైస్తవ దళితుల గురించి రాస్తూ రెండుసార్లు పరాయివాళ్ళయిన వాళ్ళన్నాడు. మూడోసారి లెక్క కూడా వేసుకోవాలనిపిస్తుంది నాకు, మన సంఘంలోనే మనం పరాయివాళ్ళమైనది. రెడ్డి, కమ్మ క్రైస్తవుల గుడి పక్కనే మన గుడి వేరుగా ఉన్న ఊళ్ళు అందరికీ తెలుసు.

చుండూరు మాలల్లో చదువుకున్నవాళ్ళున్నారు, ఉద్యోగస్తులున్నారు, ఇస్త్రీ బట్టలు కట్టి సినిమాకి పోయే కుర్రాళ్ళున్నారు. సినిమాహాల్లో కాలు తగిలిందన్నది నెపం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేశారు. తెలుగు బైబిల్లో గోనెపట్ట అనేది దుఃఖవస్త్రం. 30వ కీర్తనలో దేవుడు ఆ గోనెపట్ట విప్పి సంతోషాన్ని వస్త్రంగా కడతాడు. చుండూరులో జరిగింది దీనికి సరిగ్గా తిరగేసి. ఇస్త్రీ చొక్కా విప్పి గోనె తొడిగారు. ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో బలిపీఠం కింద చంపబడ్డవాళ్ళ ఆత్మలు కేకలు వేస్తాయి, మా రక్తానికి న్యాయం చేయడానికి ఇంకా ఎన్నాళ్ళని. జవాబుగా ఒక్కొక్కరికీ ఒక తెల్లని వస్త్రం ఇచ్చి, ఇంకా కొంతకాలం ఆగమంటారు. నాకు బైబిల్లో మింగుడుపడని చోటు ఇదే. అడిగింది న్యాయం, ఇచ్చింది బట్ట. ఆ బట్ట విజయానికి గుర్తని పండితులంటారు. కావచ్చు. కానీ చనిపోయినవాళ్ళ తల్లులకి ఈ వచనం చదివి ఓదార్చే బోధకుడు ఒక విషయం గమనించాలి. బట్టలిచ్చినా ఆ కేక ఆగిందని అక్కడ రాయలేదు. ఎన్నాళ్ళన్న ప్రశ్న కొట్టివేయలేదు, వాయిదా పడింది. తెల్లబట్ట వేసుకుని కూడా అడుగుతూ ఉండొచ్చు.

మా నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున తెల్లచీర, తెల్లరవిక ఒక జత ఉండేవి, నాఫ్తలీన్ గోలీలు వేసి. బాప్తిస్మం రోజువి అవే కావు, ఎప్పటికప్పుడు కొత్తవి కొని పెట్టుకునేది. ఎవరికీ ఇచ్చేది కాదు. ఆమె మామగారు, అంటే మా ముత్తాత, కాటిపని చేసినవాడు. దొరల శవాల మీది గుడ్డలు ఇంటికి తెచ్చేవాడట, అవే ఇంట్లో చీరలు, అవే పిల్లలకి పక్కగుడ్డలు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో అలాంటిదే ఒకటి కట్టుకుంది. ఆమె పోయినప్పుడు పెట్టెలోని జత తీసి కట్టాం. రవిక చేతులు బిగుతయితే మా మేనత్త కత్తిరించబోయింది. వద్దని అందరం అడ్డుపడ్డాం, నిదానంగా ఎక్కించింది. భుజం మీదుగా పైట సర్ది పిన్ను పెట్టింది. పెట్టె మూసే ముందు ఆ చీర మీద చెయ్యి వేయడానికి ఎవరూ రాలేదు, ఆమెతోపాటే మట్టిలోకి వెళ్ళింది.